కొత్త ఊరికి మారే ముందు ఏరియా ఎలా చూసుకోవాలి: సగం మ్యాప్‌లో, సగం కాలినడకన

నమస్కారం అండి. ఈ వీడియోలో ఇల్లు వెతకడం గురించి చెప్పట్లేదు, ఇంటికి ముందు ఏరియా. ఇల్లు నచ్చకపోతే పక్క వీధిలో ఇంకోటి చూసుకోవచ్చు. ఏరియా నచ్చకపోతే స్కూలు మారాలి, బస్సు మారాలి, అన్నీ మళ్లీ మొదటికొస్తాయి. అందుకని ముందు ఏరియా తేల్చుకుందాం.

సగం పని కుర్చీలో కూర్చునే అయిపోతుంది. కంప్యూటర్ ముందు కూర్చోండి, ఫోన్ వద్దు. ఎందుకు వద్దో మధ్యలో మీకే తెలుస్తుంది. గూగుల్ మ్యాప్స్ తెరిచి పెట్టుకోండి, గూగుల్ ఎర్త్ ప్రో దించుకోండి. బ్రౌజర్‌లో వచ్చే ఎర్త్ కాదండి, డౌన్‌లోడ్ చేసుకునే ప్రో. రెండూ ఉచితమే.

సరే. గూగుల్ మై మ్యాప్స్‌లో, అంటే మన పిన్నులు మనమే పెట్టుకుని దాచుకునే మ్యాప్‌లో, కొత్త మ్యాప్ తెరవండి. వారంలో మూడు నాలుగు సార్లైనా వెళ్లక తప్పని చోట్లు మాత్రమే పెట్టండి. ఆఫీసు, స్కూలు, ఇంట్లో పెద్దవాళ్లుంటే ఆసుపత్రి. ఎప్పుడో నెలకోసారి వెళ్లే చోట్లు వద్దు. ఇదిగో, ఒకటి, రెండు, అయిపోయింది. ఇంకో లేయర్ వేసి, మీ చెవిన పడ్డ ఏరియాలన్నీ దాన్లో పడేయండి. ఎనిమిదో, పదో. అన్నిటికీ ప్రస్తుతానికి బూడిద రంగు.

ఇదంతా ఎక్సెల్ షీటులో చేసేవాళ్లున్నారు. చేయొచ్చు. కానీ రెండు ఏరియాల మధ్య రైలు పట్టాలున్న సంగతి షీటు చెప్పదు. నా ఓటు మ్యాప్‌కే.

ఇప్పుడు ప్రయాణం టైం. ఇక్కడ నెమ్మదిగా వెళ్దాం, ఎందుకంటే ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. నేనూ పడ్డాను.

చూడండి, అందరూ చేసేదే చేస్తున్నాను. ఎక్కడినుంచి అన్నచోట ఏరియా పేరు, ఎక్కడికి అన్నచోట ఆఫీసు. 28 నిమిషాలంటోంది. బాగుంది కదా? ఈ 28ని నమ్మొద్దు. రెండు తప్పులున్నాయి దీంట్లో.

మొదటిది, ఆ పిన్ ఎక్కడ పడిందో చూడండి. కొంచెం దగ్గరికి వెళ్దాం... ఇదిగో. ఏరియా పేరు కొడితే పిన్ ఆ ఏరియాలో ఎక్కడో మధ్యలో పడింది. అక్కడ మీకు ఇల్లు దొరుకుతుందని ఎవరు చెప్పారు? అద్దెలు అందుబాటులో ఉండేవి చాలాసార్లు అంచుల్లోనే. ఇదిగో ఈ మూల అనుకుందాం. ఈ వీధి మీద రైట్ క్లిక్ కొట్టండి. పైన అక్షాంశం, రేఖాంశం అంకెలు వస్తాయి, వాటి మీద క్లిక్ చేస్తే కాపీ అవుతాయి. పేరు తీసేసి ఆ అంకెలు అతికించండి. ఎంతొచ్చింది? 37. ఏరియా అదే, ఆఫీసు అదే, తొమ్మిది నిమిషాలు పెరిగింది.

ఎందుకు పెరిగిందో కూడా చూద్దాం, ఇది ముఖ్యం. మళ్లీ రైట్ క్లిక్, మెజర్ డిస్టెన్స్. ఈ వీధి నుంచి మెయిన్ రోడ్డుకి గీత గీస్తే 600 మీటర్లు. దారి చూపించమంటే 2.4 కిలోమీటర్లు! మధ్యలో రైలు పట్టాలు. అవతలికి వెళ్లాలంటే ఇక్కడిదాకా వచ్చి, ఈ ఒక్క వంతెన ఎక్కి, మళ్లీ వెనక్కి. కాలువైనా అంతే, హైవే అయినా అంతే. "మెయిన్ రోడ్డుకి ఆరొందల మీటర్లే" అని ప్రకటనలో రాసింది అబద్ధం కాదు. పక్షికైతే ఆరొందలే.

రెండో తప్పు టైం. ఇక్కడ "లీవ్ నౌ" అని ఉంది చూశారా? నేనిది రికార్డ్ చేస్తోంది రాత్రి పదకొండింటికి. రోడ్డు ఖాళీగా ఉంది కాబట్టి ఖాళీ రోడ్డు లెక్క చూపిస్తోంది. దాని మీద నొక్కి "అరైవ్ బై" ఎంచుకోండి. మంగళవారం, పొద్దున 9:30 పెడదాం. ఆదివారం పెట్టకండి, సెలవురోజూ పెట్టకండి. ఇప్పుడు చూడండి, ఒక అంకె కాకుండా రెండు అంకెలిస్తోంది, 40 నుంచి 70 నిమిషాలు. మీ లెక్కలోకి తీసుకోవాల్సింది 70. మధ్యలో 55 అని సర్దుకోకండి, వారంలో రెండు రోజులు ఆలస్యంగా వెళ్తారు.

ఇక్కడితో ఆపేస్తారు చాలామంది. ఆపకండి. ఈ బాణాలు నొక్కి దారి తిప్పండి, ఆఫీసు నుంచి ఇంటికి. "డిపార్ట్ ఎట్", సాయంత్రం ఆరు. పొద్దున వెళ్లేటప్పుడు హాయిగా ఉన్న దారి సాయంత్రం నరకంగా ఉండొచ్చు, ఎందుకంటే పొద్దున మీరు గుంపుకి ఎదురు వెళ్తే, సాయంత్రం ఇంకెవరి గుంపులోనో ఇరుక్కుంటారు. రెండూ విడివిడిగా చూడాల్సిందే.

ఒక పూటకి అరగంట తేడా అంటే ఎంతో తెలుసా? రోజుకి గంట. నెలకి 22 పనిరోజులు, 22 గంటలు. నెలకి దాదాపు ఒక పూర్తి రోజు రోడ్డు మీదే.

ఫోన్ వద్దన్నది ఇప్పుడు చెప్తాను. లేయర్స్‌లో ట్రాఫిక్ ఆన్ చేయండి. కింద "లైవ్ ట్రాఫిక్" అని చిన్న పట్టీ వస్తుంది, దాన్ని "టిపికల్ ట్రాఫిక్" చేయండి. వారాలు, గంటలు వచ్చాయి కదా, ఈ బొత్తాం జరుపుతూ పొండి. ఏడు, ఎనిమిది, తొమ్మిది... ఇదిగో, ఈ కూడలి ఎనిమిదిన్నరకి ఎర్రబడి పదకొండు దాకా తేరుకోలేదు. మీ వీధి నుంచి బయటపడే ఒకే ఒక్క దారి అదే అయితే ఆ ఏరియాని అక్కడే కొట్టేయొచ్చు. ఈ బొత్తాం ఫోన్ యాప్‌లో లేదు.

బస్సు, రైలు వాడేవాళ్లు ట్రాన్సిట్‌లో "లాస్ట్ అవైలబుల్" చూడండి, చివరి బండి ఎన్నింటికో వస్తుంది. ఆ ఊరి రవాణా సంస్థ టైమ్‌టేబుల్ ఇచ్చి ఉంటేనే వస్తుంది లెండి. స్టాపు దాకా నడకకి నిమిషానికి 80 మీటర్లు లెక్కేసుకోండి. చంటిబిడ్డ ఉంటే 60.

ఇక రంగులు. ఎక్కువ టైం కూడా మీకు సరిపోతే ఆకుపచ్చ, అనుమానంగా ఉంటే పసుపు, మిగతావి తీసేయండి. పదిలో నాలుగు మిగులుతాయి.

ఎర్త్ ప్రో. ఇది త్వరగా. పైన గడియారం బొమ్మ నొక్కితే పాత ఉపగ్రహ చిత్రాలొస్తాయి. వెనక్కి జరపండి. ఇప్పుడు ఇళ్లున్నచోట ఒకప్పుడు నీలంగానో, ముదురు పచ్చగానో మడుగు కనిపిస్తోందా? నీళ్లకి పాత దారి గుర్తుంటుంది, భారీ వాన పడితే అక్కడికే వస్తాయి. పక్కనే గీత గీసే సాధనం ఉంది, పాత్. మీ వీధి నుంచి దగ్గర్లో ఉన్న కాలువ దాకా గీయండి, సేవ్ చేయండి, ఎడమపక్క ఆ పేరు మీద రైట్ క్లిక్, "షో ఎలివేషన్ ప్రొఫైల్". కింద కొండలా గ్రాఫ్ వచ్చింది కదా. మీ వీధి ఆ గ్రాఫులో గిన్నె అడుగున ఉంటే పసుపు పెట్టండి. ఒకటి రెండు మీటర్ల తేడాని పట్టించుకోకండి, ఆ ఎత్తుల్లో అంతకన్నా ఎక్కువ పొరపాటు కూడా ఉండొచ్చు. ఐదారు మీటర్లు దాటితే పట్టించుకోండి. ఆ, మ్యాప్ అడ్డదిడ్డంగా తిరిగిపోతే కంగారు పడకండి, కీబోర్డు మీద ఆర్ నొక్కండి, ఉత్తరం పైకి వచ్చేస్తుంది. రోజుకి యాభైసార్లు నొక్కుతాను ఆ ఆర్.

ఇదే గీతతో ఇంకోటి. విమానాశ్రయం రన్‌వే ఉంది కదా, దాని మీదుగా గీతని రెండువైపులా పది కిలోమీటర్లు పొడిగించండి. దిగే విమానం మామూలుగా మూడు డిగ్రీల వాలులో వస్తుంది. అంటే రన్‌వేకి పది కిలోమీటర్ల దూరంలో సుమారు 520 మీటర్ల ఎత్తు, ఐదు కిలోమీటర్ల దగ్గర 260. నెత్తి మీదే అన్నమాట. ఇక్కడ ఒక మోసం ఉంది: విమానాలు గాలికి ఎదురుగా దిగుతాయి, ఎదురుగానే ఎగురుతాయి. మీరు చూడ్డానికి వెళ్లిన రోజు గాలిని బట్టి విమానాలు అవతలి కొస నుంచి దిగుతుంటే మీ వీధి ప్రశాంతంగా అనిపించొచ్చు. కాలం మారి గాలి తిరిగిందంటే దిగే విమానాలన్నీ మీ మేడ మీదుగానే. అందుకే చెవిని కాదు, గీతని నమ్మండి.

స్ట్రీట్ వ్యూ మీకు తెలిసిందే. మూలన ఫొటో తేదీ మాత్రం చూడండి, నాలుగేళ్ల కిందటి ఫుట్‌పాత్‌ని చూసి మురిసిపోకండి. "సీ మోర్ డేట్స్" ఉంటే పాతవీ చూడండి. పదే పదే మూతబడే షాపులు, పైకి పైకి ఎత్తుకుంటూ వచ్చిన గుమ్మాలు. గుమ్మం ఎవరూ సరదాకి ఎత్తించుకోరు.

ఇప్పుడు ఊరెళ్లాలి. మిగిలిన రెండు మూడు ఏరియాల్లో ఒకదాంట్లోనే బస పెట్టండి, ఊరి మధ్యలో హోటల్లో కాదు. నాలుగు రాత్రులు, అందులో ఒక శనివారం. ప్రతి ఏరియాకీ మూడుసార్లు వెళ్లాలి, పొద్దున ఏడున్నరకి, మధ్యాహ్నం, రాత్రి పదిన్నరకి. మధ్యాహ్నం ఒక్కసారే చూసి ఖాయం చేసుకుంటే మీరు చూసింది ఆ ఏరియా నిద్రపోతున్నప్పుడు.

రాత్రిపూట ఫోన్‌లో డెసిబెల్ యాప్ పెట్టి ఐదు నిమిషాల సగటు తీయండి. ఫోన్ మైకు ఖచ్చితమైన కొలత ఇవ్వదు, కానీ అదే ఫోన్‌తో రెండు వీధుల్ని పోల్చడానికి పనికొస్తుంది. పది డెసిబెల్స్ ఎక్కువంటే చెవికి దాదాపు రెట్టింపు చప్పుడు. రోడ్డు రొద రాత్రి సగటున 45 డెసిబెల్స్ లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 2018లో సిఫారసు చేసింది, గుర్తుకి ఆ అంకె పెట్టుకోండి.

ఇల్లు ఏదైనా చూపిస్తే లోపలి గదిలోకి వెళ్లి సిగ్నల్ చూడండి, బాల్కనీలో కాదు. గీతలు లెక్కపెట్టకండి. ఆండ్రాయిడ్‌లో అబౌట్ ఫోన్, సిమ్ స్టేటస్. ఐఫోన్‌లో స్టార్ 3001 హ్యాష్ 12345 హ్యాష్ స్టార్ కొట్టి కాల్ నొక్కండి. సిగ్నల్ బలం అక్కడ డీబీఎం అంకెల్లో ఉంటుంది (ఐఫోన్‌లో ఆర్‌ఎస్‌ఆర్‌పీ అని ఉంటుంది). 4జీలో మైనస్ 90 దగ్గర ఉంటే బాగున్నట్టు. మైనస్ 110 కంటే కిందికి పోతే ఫోన్ మాట్లాడాలంటే మెట్లు దిగాల్సిందే.

అడగడం. ఇల్లు చూపించేవాళ్లని అడగొద్దు. మందుల షాపులో అడగండి, స్కూలు గేటు దగ్గర పిల్లల కోసం నిలబడ్డవాళ్లని అడగండి, పార్సిల్ కుర్రాణ్ణి అడగండి. అడిగే తీరు మార్చండి. "వానొస్తే నీళ్లు నిలుస్తాయా అండీ?" అంటే "అబ్బే, లేదండీ" అంటారు, తమ ఊరిని ఎవరు తక్కువ చేసుకుంటారు? "పోయినసారి పెద్ద వానకి నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయండీ?" అని అడగండి. చేత్తో మోకాలి దగ్గర చూపిస్తారు. "రాత్రి పదింటికి ఆడపిల్ల స్టాపు నుంచి ఒక్కతే నడిచొస్తుందా?" కాదు, "మీ అమ్మాయి రాత్రి వస్తే ఏ వీధిలోంచి రమ్మంటారు?"

బసకి తిరిగొచ్చాక మ్యాప్ తెరిచి రంగులు మార్చండి, అదే రాత్రి. మూడో రోజుకి ఏ వీధిలో ఏం చూశామో కలిసిపోతుంది. ఆకుపచ్చ ఒక్కటీ మిగల్లేదా? మీకు సరిపోతుందనుకున్న ప్రయాణం టైముకి పదిహేను నిమిషాలు కలిపి, తీసేసిన ఏరియాల్ని వెనక్కి తెచ్చి, ఆ "అరైవ్ బై" దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టండి.