సుత్తి ఎత్తే ముందు డాబా ఎక్కండి

(అపార్ట్‌మెంట్ నివాసుల సమావేశంలో ఒక ప్లంబింగ్ మేస్త్రి ప్రసంగం)

అందరికీ నమస్కారం. సెలవు రోజున పనులు మానుకుని ఇంతమంది కిందికి వచ్చారు. చాలా సంతోషం. 28 ఏళ్లుగా విజయవాడ చుట్టుపక్కల ప్లంబింగ్ పని చేస్తున్నాను. ఇన్నేళ్లలో నన్ను బాగా బాధపెట్టినవి అవసరం లేకుండా పగలగొట్టిన బాత్రూములు. లీకు ఎక్కడుందో తెలియకుండానే సుత్తి ఎత్తుతారు. డబ్బు పోతుంది, నెల రోజులు ఇల్లంతా దుమ్ము, చివరికి చుక్క పడుతూనే ఉంటుంది. అందుకే ఇవాళ బాగుచేయడం కంటే కనిపెట్టడం గురించే ఎక్కువ మాట్లాడతాను.

రెండేళ్ల కిందట పటమటలో ఒక ఇంటికి వెళ్లాను. వంటింటి సీలింగ్ మీద విస్తరాకంత మరక. మధ్యలో పసుపుపచ్చగా ఉంది. అంచుల్లో తెల్లగా ఉప్పు పొంగి పెచ్చు లేస్తోంది. కింద స్టీలు గిన్నె పెట్టారు. చుక్క పడ్డప్పుడల్లా టంగుమంటోంది. "ఈ చప్పుడు వినీ వినీ రాత్రిళ్లు నిద్ర కూడా పట్టడం లేదు బాబూ" అన్నారు ఆ ఇంటి పెద్దావిడ. పై ఇంటివాళ్లు అప్పటికే వాళ్ల బాత్రూమ్ మొత్తం పగలగొట్టించి, వాటర్‌ప్రూఫింగ్ చేయించి, కొత్త టైల్స్ వేయించారు. అయినా చుక్క ఆగలేదు. రెండిళ్ల మధ్య మాటలు మాత్రం ఆగిపోయాయి.

ఆ రోజు నేను ఏమీ ముట్టుకోలేదు. "అమ్మా, చుక్క ఎప్పుడు మొదలవుతోందో, ఎప్పుడు ఆగుతోందో ఒక వారం పాటు నోట్‌బుక్‌లో రాయండి" అని చెప్పి వచ్చేశాను. ఆవిడ పాలవాడి లెక్క రాసినంత జాగ్రత్తగా రాశారు. సోమవారం 11:20కి మొదలు, రెండున్నరకి బంద్. మంగళవారం ఏమీ లేదు. బుధవారం మళ్లీ 11 దాటాక. ఆ కాగితం పట్టుకుని పై ఇంటికి వెళ్లి, రోజు విడిచి రోజు మీ ఇంట్లో ఏ పని జరుగుతుంది అని అడిగాను. వాషింగ్ మిషన్ వేస్తాం అన్నారు.

స్వీట్లలో వేసే కేసరి రంగు తెప్పించి, బకెట్ నీళ్లలో కలిపి, మిషన్ పైపు గోడలోకి వెళ్లే చోట పోశాం. ముప్పావు గంటకి కింద గిన్నెలో నారింజరంగు చుక్క పడింది. ఇక వాదించడానికి ఏమీ మిగల్లేదు. గోడకి బట్టల సబ్బుల అరలు బిగించినప్పుడు డ్రిల్లు వెళ్లి లోపలి పైపుకి తగిలింది. స్క్రూ బిగిసి ఉన్నంతకాలం అదే చిల్లుని మూసి ఉంచింది. తుప్పు పట్టి వదులయ్యాక నీళ్లు దారి చూసుకున్నాయి. ఒక్క టైలు తీశాం, అడుగు పొడవు పైపు ముక్క మార్చాం. వాళ్ల బాత్రూమ్‌కీ ఈ లీకుకీ సంబంధమే లేదు.

నీళ్లు కారిన చోటే మరక పడుతుందన్న నమ్మకం లేదు. స్లాబ్ మీద వాటం ఎటుంటే అటు పోయి, సందు దొరికిన చోట దిగుతాయి. ఒక్కోసారి కరెంటు పైపుల్లోకి చేరి ఫ్యాన్ కొక్కెం దగ్గరో, లైటు దగ్గరో కారతాయి. అలా కనిపిస్తే ముందు మెయిన్ బోర్డులో ఆ లైన్ కరెంటు ఆపే స్విచ్చి, ఎంసీబీ, దించేయండి. ప్లంబర్‌కి ఫోన్ చేయడం ఆ తర్వాతే.

మొదట తేల్చుకోవాల్సింది, కారుతున్నవి వాడకం నీళ్లా, మురుగు నీళ్లా అన్నది. ట్యాంకు నుంచి కుళాయికి వచ్చే పైపులో ఎప్పుడూ ఒత్తిడి ఉంటుంది, కాబట్టి అక్కడ లీకైతే పగలూ రాత్రీ కారుతుంది. డ్రెయిన్ పైపులో వాడినప్పుడే నీళ్లుంటాయి, కాబట్టి చుక్కకి ఒక వేళ ఉంటుంది. రాత్రి పడుకునే ముందు ఆ లైన్ గేట్‌వాల్వ్ కట్టేసి చూడండి. పొద్దునకి చుక్క తగ్గితే వాడకం నీళ్ల పైపును అనుమానించాలి. అయితే ఒక చిక్కుంది. మన బాత్రూములు చాలావరకు సంకన్ స్లాబ్ మీద కడతారు. అంటే స్లాబ్‌ని అడుగు, అడుగున్నర కిందికి దింపి, పైపులు వేసి, ఇటుక ముక్కలతో పూడుస్తారు. లీకైన నీళ్లు ఆ పూడికలో చెరువులా నిలుస్తాయి. వాడినా వాడకపోయినా నిదానంగా కారుతూనే ఉంటాయి. అందుకే రిపేరు చేశాక కూడా కొన్ని రోజులు చుక్క పడవచ్చు. మర్నాడే "పని సరిగ్గా చేయలేదు" అని మేస్త్రి మీద పడకండి. లోపలున్నది ఆరాలి.

బాత్రూమ్ నేలని పరీక్షించడానికి ఖర్చేమీ లేదు. బాత్రూమ్ నేల మీది నీళ్లు జాలీలోంచి దిగే గుంటని నహానీ ట్రాప్ అంటాం. దాని నోట్లో ప్లాస్టిక్ కవరు చుట్టిన గుడ్డ కుక్కి, నేల మీద అంగుళం నీళ్లు నిలబెట్టి, గోడ మీద పెన్సిలు గీత పెట్టండి. 24 గంటలు ఎవరూ అటు పోవద్దు. మట్టం దిగి కింద చెమ్మ పెరిగితే నేలలోనో, ట్రాప్ మెడ చుట్టూనో లీకుంది. మట్టం అలాగే ఉండి, గుడ్డ తీసి నీళ్లు వదిలాక చుక్క మొదలైతే లీకు ట్రాప్ కింది పైపులో ఉంది. ఈ ఒక్క తేడాతో మొత్తం నేల పగలగొట్టాలా, మూల ఒక్కటే తీయాలా అన్నది తేలిపోతుంది.

నేను చూసినంతలో ఎక్కువ లీకులు ట్రాప్ మెడ దగ్గరే. ప్లాస్టిక్కూ సిమెంటూ ఒకదాన్నొకటి పట్టుకోవు. మామూలు సిమెంటు మాలుతో పూడిస్తే అది ఆరి కుంచించుకుపోయి, వెంట్రుకంత సందు వస్తుంది. రోజూ స్నానం నీళ్లు అందులోంచి దిగుతుంటాయి. ట్రాప్ చుట్టూ అడుగు మేర తీసి, శుభ్రం చేసి, కుంచించుకోని గ్రౌట్ అనే సిమెంటు మిశ్రమం పోసి, వాటర్‌ప్రూఫ్ కోటింగ్‌ని ట్రాప్ మెడ లోపలి దాకా దించాలి. పైపు పగిలితే ఆ ముక్క కోసి కొత్తది వేయాలి. పైన ఎపాక్సీ ముద్ద అద్దడం నాలుగు రోజుల ముచ్చటే. పైపు కొనేటప్పుడు దాని మీద ఐఎస్ 13592 అన్న ముద్ర చూడండి. అందులో టైప్ ఎ గాలికీ వాననీటికీ, టైప్ బి మురుగుకీ. టైప్ ఎ పలచగా, చవగ్గా ఉంటుందని మురుగుకి వేసేవాళ్లున్నారు. దగ్గరుండి చూసుకోండి. వాటం అడుక్కి పావు అంగుళం ఉండాలి. గోడ పూడ్చే ముందు కింది మూతి మూసి, పైపు నిండా నీళ్లు పోసి, అరగంట నిలబెట్టి, ప్రతి జాయింటూ చేత్తో తడిమి చూడండి.

ఇక గాలి సంగతి. చాలామంది దీన్ని పట్టించుకోరు కాబట్టి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను.

నూనె డబ్బాకి ఒక్కటే చిల్లు పెట్టి వంచితే నూనె ఆగి ఆగి, గుటక గుటకగా పడుతుంది. అవతలి పక్క రెండో చిల్లు పెడితే ధారగా వస్తుంది. రెండో చిల్లు గాలి కోసం. మన బిల్డింగ్‌లో నిలువుగా దిగే మురుగు పైపుకి ఆ రెండో చిల్లు డాబా మీద ఉంటుంది. పైన చిన్న టోపీ పెట్టుకుని నిలబడి ఉండే పైపు అదే. వెంట్ పైపు అంటాం.

అది మూసుకుపోతే ఏమవుతుందో చెప్పాలంటే ముందు ట్రాప్ గురించి చెప్పాలి. సింకు కింద, కమోడ్‌లో, నహానీ ట్రాప్‌లో పైపు వంపు తిరిగి ఉంటుంది. ఆ వంపులో నిలిచిన రెండంగుళాల నీళ్లే మీ ఇంటికీ డ్రైనేజీకీ మధ్య తలుపు. 1775లో లండన్‌లో అలెగ్జాండర్ కమింగ్ అనే గడియారాల తయారీదారు ఈ వంపున్న మరుగుదొడ్డికి పేటెంట్ తీసుకున్నాడు. దాదాపు 250 ఏళ్లయినా అంతకంటే సులువైన ఉపాయం రాలేదు. వాసన, బొద్దింకలు, రోగం, అన్నిటినీ ఆపేది ఆ కాసిని నీళ్లే.

వన్‌టౌన్‌లో ఒక నాలుగంతస్తుల బిల్డింగ్‌లో మూడో అంతస్తువాళ్లు ఏడాదిగా వాసనతో బాధపడుతున్నారు. కమోడ్ మార్చారు, మందులు పోశారు, అగరొత్తులు వెలిగించారు. నేను వెళ్లి నహానీ ట్రాప్ జాలీ తీసి, టార్చి వేసి కూర్చున్నాను. పై ఇంట్లో ఫ్లష్ నొక్కారు. నా కళ్ల ముందే ట్రాప్‌లో నీళ్లు ఒక్కసారి వణికి, 'గుడుక్' మని కిందికి జారిపోయాయి. వెంటనే వాసన ముక్కుకి కొట్టింది.

డాబా ఎక్కాను. వెంట్ పైపు కనిపించలేదు. ట్యాంకు పక్కన కొత్తగా గది కట్టినప్పుడు, అడ్డంగా ఉందని కోసేసి, సిమెంటు పూసేశారు. ఆ ముద్ద పగలగొట్టి పైపు నోటి మీద అరచెయ్యి పెట్టాను. కింద ఎవరో ఫ్లష్ నొక్కారు, చెయ్యి లోపలికి గుంజుకుపోయినట్టయింది. ఆ గుంజుడే అన్నాళ్లూ మూడో అంతస్తు ట్రాప్‌లోని నీళ్లని తాగేస్తోంది. కొత్త ముక్క అతికి, మనిషి తలకంటే ఎత్తుకి లేపి, టోపీ పెట్టాం. వాసన ఆ సాయంత్రమే పోయింది.

కింది అంతస్తుల్లో లక్షణం వేరు. అక్కడ జాలీలోంచి బుడగలు వస్తాయి. పైనుంచి పడే నీళ్లు గాలిని ముందుకు తోసుకొస్తే ఆ గాలి మీ ట్రాప్‌లోంచి బయటపడుతుంది. లేదా ఛాంబర్ దగ్గర, అంటే మురుగు పైపులు కలిసే నేలలోని మూత తొట్టి దగ్గర, ఎక్కడో అడ్డుపడి ఉంటుంది. ముందు ఛాంబర్ మూత తీసి చూడాలి. కొత్తగా కట్టుకునేవాళ్లు గ్రౌండ్ ఫ్లోర్ మురుగుని నిలువు పైపుకి కలపకుండా విడిగా ఛాంబర్‌కి వేయించుకోండి.

వాసన వస్తే అన్నిసార్లూ వెంట్ పైపుదే తప్పు కాదు. మన బెజవాడ ఎండలకి, పిల్లల సెలవులకని నెల రోజులు ఊరెళ్లొస్తే ట్రాప్ ఎండిపోతుంది. చెంబెడు నీళ్లు పోస్తే చాలు. వెళ్లే ముందు నీళ్ల మీద రెండు చెంచాల వంటనూనె వేస్తే త్వరగా ఆరవు. కొన్ని ట్రాపుల్లో జాలీ కింద బోర్లించిన గిన్నె ఉంటుంది. నీళ్లు నెమ్మదిగా పోతున్నాయని చాలా ఇళ్లలో దాన్ని తీసి పారేస్తారు. దయచేసి తీయకండి, వారానికోసారి కడిగి మళ్లీ పెట్టండి. వాష్‌బేసిన్ కింది ముడతల పైపు గోడ పైపులో ఊరికే దూర్చి వదిలేస్తే చుట్టూ సందులోంచి వాసన వస్తుంది. అక్కడ రబ్బరు రింగు పెట్టాలి. ఏసీ నీళ్ల పైపుని ట్రాప్ లేకుండా మురుగు లైన్‌కి కలిపితే ఆ వాసన పడకగదిలోకే వస్తుంది.

ఇది ముక్కు మూసుకుంటే సరిపోయే విషయం కాదు. 2003లో హాంకాంగ్‌లోని అమోయ్ గార్డెన్స్ అనే అపార్ట్‌మెంట్లలో 300 మందికి పైగా సార్స్ అనే ఊపిరితిత్తుల అంటువ్యాధి సోకింది. అక్కడ బాత్రూమ్ నేల ట్రాపులు ఎండిపోవడం, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు మురుగు పైపులోని గాలిని ఇళ్లలోకి లాగడం ముఖ్య కారణాలని విచారణలో తేలింది. అంతకుముందు వాళ్లు కూడా దాన్ని ఉత్త వాసనే అనుకుని ఉంటారు.

వాసన పోవాలని యాసిడ్ పోసి, దాని మీద బ్లీచింగ్ చల్లేవాళ్లున్నారు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. మూసిన బాత్రూమ్‌లో ప్రాణం మీదికి వస్తుంది. ఇంకొక మాట గట్టిగా చెప్పాలి. సెప్టిక్ ట్యాంకులోకి, మ్యాన్‌హోల్‌లోకి ఎవరినీ దింపకండి. లోపలి గ్యాస్ ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసన కూడా తెలియదు, మనిషి అరిచే లోపే పడిపోతాడు. కాపాడదామని దిగినవాడూ పోతాడు. మనుషులతో మురుగు శుభ్రం చేయించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం అది నేరం కూడా. మిషన్ బండి పిలిపించండి, ఖర్చు అందరూ పంచుకోండి. సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టానికి నైలాన్ వల కూడా కట్టండి, దోమలు బయటికి రావు.

పొద్దున మీ డాబా మీదికి వెళ్లి చూశాను. పైపులు దిగే డక్టుల (నిలువు సందుల) లెక్కన ఆరు వెంట్ పైపులు పైకి రావాలి. నాకు నాలుగే కనిపించాయి. మిగతా రెండూ కొత్తగా వేసిన రేకుల షెడ్డు కింద ఎక్కడో ఉండాలి. మూడో అంతస్తు వాసన, నాలుగో అంతస్తు గుడగుడ రెండూ అదే వైపున్న ఫ్లాట్లలో అని సెక్రటరీగారు చెప్పారు. ఇప్పుడే వెళ్లి వెతుకుదాం. వాచ్‌మన్‌ని నిచ్చెన తెమ్మన్నాను. నాలుగో అంతస్తువాళ్లలో ఒకరు మాత్రం ఇంట్లోనే ఉండండి. నేను పైనుంచి ఫోన్ చేయగానే ఫ్లష్ నొక్కాలి.