రాజీనామా కాగితం మీద సంతకం పెట్టే ముందు

శ్రోతలందరికీ నమస్కారం.

కడుపుతో ఉన్న సంగతి మూడో నెల దాటేదాకా ఎవరికీ చెప్పకమ్మా, దిష్టి తగులుతుంది అని మన ఇళ్లలో పెద్దవాళ్లు అంటూ ఉంటారు. ఇప్పటి ఉద్యోగాల ఆడపిల్లలు చుట్టాలకు రెండో నెలలోనే ఫోన్ చేసి చెప్పేస్తున్నారు. ఆఫీసులో మాత్రం ఐదో నెల దాకా చున్నీ నిండా కప్పుకుని తిరుగుతున్నారు. వాళ్ల భయం దిష్టి గురించి కాదు, ఉద్యోగం గురించి.

నేను కార్మికుల కేసులు చూసే లాయర్‌ని. ఇన్నేళ్లలో ఒక్క యజమాని కూడా "నువ్వు కడుపుతో ఉన్నావు కాబట్టి తీసేస్తున్నాం" అని రాసిచ్చింది నేను చూడలేదు. వాళ్లు అంత అమాయకులేం కాదు. చెప్పిన రోజు అందరూ కంగ్రాట్స్ అంటారు. టీమ్ గ్రూపులో కేకు బొమ్మలు పడతాయి. కొన్నాళ్లకు రావాల్సిన కొత్త ప్రాజెక్టు ఇంకొకరికి పోతుంది. ఇదేంటని అడిగితే, ఈ టైమ్‌లో నీకెందుకు టెన్షన్ అంటారు. ఆ తర్వాత పని తీరు బాగాలేదంటూ ఒక మెయిల్. చివరికి హెచ్‌ఆర్ నుంచి పిలుపు.

మాదాపూర్‌లో ఒక మధ్యతరహా కంపెనీ. ఐదో నెల నిండిన అమ్మాయిని చిన్న మీటింగ్ రూములో కూర్చోబెట్టారు. బల్ల మీద ఒక నీళ్ల బాటిల్, ఒక పెన్ను, ఒక కాగితం. వ్యక్తిగత కారణాల వల్ల నా ఇష్టపూర్వకంగా రాజీనామా చేస్తున్నాను అని కాగితం మీద అప్పటికే టైపు చేసి ఉంది. అందులో ఆ అమ్మాయి ఇంటిపేరు తప్పు పడింది. తన రాజీనామా తానే రాసుకునే మనిషి ఇంటిపేరు తప్పు రాసుకుంటుందా చెప్పండి!

"మేము తీసేస్తే రికార్డులో పడుతుందమ్మా. మీరే రిజైన్ చేస్తే రిలీవింగ్ లెటర్ నీట్‌గా ఇస్తాం. రెండు నెలల జీతం కూడా ఇస్తాం. ఇప్పుడే సంతకం పెట్టేస్తే సరిపోతుంది" అన్నారట. ఈ అమ్మాయి ఏడవలేదు, గొడవా పడలేదు. "ఇంట్లో చూపించి రేపు తెస్తాను సార్" అని కాగితం బ్యాగులో పెట్టుకుని బయటికి వచ్చేసింది. కేసు మొత్తం ఆ ఒక్క మాట మీదే నిలబడింది.

సంతకానికి ఎందుకంత తొందర అంటే, రాజీనామా చేతికొస్తే చట్టంతో యజమానికి దాదాపుగా పని ఉండదు. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టంలో 12వ సెక్షన్ అని ఒకటుంది. ప్రసూతి సెలవులో ఉన్న మనిషిని ఆ కారణంగా గానీ, ఆ సమయంలో గానీ తీసేయడం చట్టవిరుద్ధం అంటుంది. ఇంకా సెలవు పెట్టలేదు, గర్భంతో ఉద్యోగానికి వస్తోంది అనుకోండి, అప్పుడు తీసేసినా ఆమెకు రావాల్సిన ప్రసూతి డబ్బు ఎగ్గొట్టడానికి వీల్లేదు. నిబంధనల్లో చెప్పిన తీవ్రమైన దుష్ప్రవర్తన ఉంటే తప్ప. అదైనా కారణం రాతపూర్వకంగా చెప్పాలి. ఇదంతా యజమాని తీసేస్తేనే. తనంతట తాను మానేసిన మనిషికి ఈ సెక్షన్ పెద్దగా అక్కరకు రాదు. బలవంతంగా రాయించుకున్నారని తర్వాత నిరూపించవచ్చు, కానీ అది ఏళ్ల తరబడి సాగే పని.

లెక్క కూడా చూద్దాం. 2017లో చట్టాన్ని సవరించి, మొదటి ఇద్దరు పిల్లలకు జీతంతో కూడిన సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారు. నెలకు 40,000 జీతం అనుకుంటే ఇంచుమించు 2,40,000 రూపాయలు. రెండు నెలల జీతం ఆశ చూపించి ఆరు నెలల జీతం మిగుల్చుకోవడం, ఇదే ఆ మీటింగ్ రూములో జరిగిన వ్యాపారం.

ఇక్కడ యజమానుల పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. ఈఎస్‌ఐ అనే ఉద్యోగుల బీమా ఉన్నవాళ్లకు, అంటే నెలకు 21,000 లోపు జీతం ఉండి అందులో నమోదైన వాళ్లకు, ప్రసూతి డబ్బు ఈఎస్‌ఐ సంస్థ ఇస్తుంది. మిగతావాళ్లకు మొత్తం భారం యజమానిదే. 15 మంది పనిచేసే చిన్న కంపెనీకి అది నిజంగానే భారం. యజమాని ఒక్కడి మీదే ఈ ఖర్చు వేయకూడదని, సామాజిక బీమా నుంచో ప్రభుత్వ నిధి నుంచో ఇవ్వాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000లో చేసిన 183వ ఒడంబడిక చెబుతోంది. మన దేశం దాన్ని ఆమోదించలేదు. సెలవు 26 వారాలకు పెంచి అందరం చప్పట్లు కొట్టాం, డబ్బు ఎవరు పెట్టాలన్న ప్రశ్న మాత్రం అక్కడే వదిలేశాం. ఆ భారం తిరిగి తిరిగి గర్భిణి మీదే పడుతోంది. నా మటుకు నాకు ఇది చట్టంలో ఉన్న పెద్ద లోపం. అంతమాత్రాన దొంగ రాజీనామాలు రాయించుకోవడం ఒప్పైపోదు.

ఇదేం కొత్త జబ్బు కాదు. ఒకప్పుడు ఎయిర్ ఇండియాలో ఎయిర్ హోస్టెస్‌లకు మొదటి కాన్పు గర్భం రాగానే ఉద్యోగం పోయేది. చాటుమాటు వ్యవహారం కాదు, రూల్సులోనే రాసి పెట్టారు. నర్గేశ్ మీర్జా కేసులో 1981లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఇది భారతీయ స్త్రీత్వానికి బాహాటంగా చేసిన అవమానం అంది. 1991లో ఎల్‌ఐసీ వంతు వచ్చింది. ఉద్యోగంలో చేరే ఆడవాళ్ల చేత నింపించే ఫారంలో నెలసరి తేదీల వివరాలు కూడా అడిగేవాళ్లు. అందులో తప్పు రాసిందని, ప్రొబేషన్‌లో ఉన్న ఒకావిడను కాన్పయ్యాక తీసేశారు. సుప్రీంకోర్టు ఆమెను ఉద్యోగంలోకి తీసుకోమని, ఆ ప్రశ్నలు ఫారంలోంచి తీసేయమని చెప్పింది. ఇంత జరిగాక కూడా 2022 జనవరిలో ఏమైందో గుర్తుందా? మూడు నెలలు దాటిన గర్భిణులు ఉద్యోగంలో చేరడానికి తాత్కాలికంగా అనర్హులు అంటూ స్టేట్ బ్యాంక్ కొత్త మార్గదర్శకాలు తెచ్చింది. దేశమంతా గోల లేచాక వెనక్కి తీసుకుంది.

ఐటీ వాళ్ల కష్టం పేపర్లో పడుతుంది. చిన్న పట్టణాల్లో ప్రైవేటు స్కూలు టీచరమ్మల సంగతి ఎవరికీ పట్టదు. చాలాచోట్ల వాళ్లకు వేసవిలో జీతం ఉండదు. ఏప్రిల్‌లో పరీక్షలయ్యాక "జూన్‌లో కబురు చేస్తాం మేడమ్" అంటారు. కడుపుతో ఉన్న టీచర్‌కు ఆ కబురు రాదు. తీసేశామని ఎవరూ అనరు, అడిగితే ఈ ఏడాది సెక్షన్లు తగ్గాయంటారు. అపాయింట్‌మెంట్ లెటర్ ఉండదు, జీతం కవర్లో పెట్టి ఇస్తారు. అలాంటప్పుడు పనిచేసినట్టు రుజువేది? సంతకాల రిజిస్టరు ఫొటో, స్టాఫ్ గ్రూపులో మెసేజీలు, మీరు మార్కులు వేసిన ప్రోగ్రెస్ కార్డు, ఆగస్టు 15న దిగిన గ్రూప్ ఫొటో, ఏదైనా పనికొస్తుంది. డాక్టర్ చెప్పిన కాన్పు తేదీకి ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు, హక్కు వచ్చినట్టే. ప్రొబేషన్‌లో ఉన్నా సరే, కాంట్రాక్టు మీద ఉన్నా సరే. కాంట్రాక్టు గడువు సెలవు మధ్యలో ముగిసినా మొత్తం 26 వారాల డబ్బు ఇవ్వాల్సిందేనని ఢిల్లీలో ఒక కాంట్రాక్టు డాక్టర్ కేసులో 2023లో సుప్రీంకోర్టు తేల్చింది.

ఆ 1961 చట్టం ఇప్పుడు సామాజిక భద్రతా కోడ్ అనే కొత్త చట్టంలో కలిసిపోయింది. 2025 నవంబర్ 21 నుంచి కోడ్ అమల్లో ఉంది. మనం చెప్పుకున్న రక్షణలు అందులోనూ ఉన్నాయి. షాపులు, ఆఫీసుల్లాంటి చోట్ల పది మంది పనిచేస్తుంటే చాలు, వర్తిస్తుంది.

అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులు కూడా వింటూ ఉంటారు. అక్కడ గర్భం కారణంగా తీసేయకూడదని 1978 నుంచి చట్టం ఉంది, కానీ జీతంతో ప్రసూతి సెలవు ఇచ్చి తీరాలని దేశమంతటికీ వర్తించే చట్టం లేదు. హెచ్1బీ అనే ఉద్యోగ వీసా మీద ఉన్న అమ్మాయికి ఉద్యోగం పోతే మామూలుగా 60 రోజుల్లో ఇంకోటి వెతుక్కోవాలి, లేకపోతే వీసా చిక్కు. ఏడో నెలలో ఇంటర్వ్యూలకు తిరగడం ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

మన దగ్గర కూడా 60 రోజుల లెక్క ఒకటుంది, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. తీసేసినట్టు ఆర్డరు చేతికి అందిన రోజు నుంచి 60 రోజుల్లోపు కార్మిక శాఖ అధికారికి అప్పీలు చేసుకోవాలి. కాన్పయ్యాక చూద్దాంలే, ముందు ఆరోగ్యం ముఖ్యం అని ఇంట్లోవాళ్లు ప్రేమగానే అంటారు. మూడో నెల బిడ్డను ఎత్తుకుని నా దగ్గరకు వచ్చేసరికి గడువు దాటిపోయి ఉంటుంది.

ఆఫీసులో చెప్పేటప్పుడు నోటితో సరిపెట్టకండి. మేనేజర్‌కి, హెచ్‌ఆర్‌కి ఒక మెయిల్ పెట్టండి. గర్భవతినని, కాన్పు ఫలానా తేదీకి అని, డాక్టర్ చీటీ జత చేసి. రెండు వాక్యాలు చాలు. ఆ మెయిల్‌ను సొంత ఐడీకి కూడా పంపుకోండి, ఎందుకంటే లాగిన్ తీసేసిన రోజున కంపెనీ మెయిల్లో ఉన్నదేదీ మీది కాదు. పనితీరు బాగాలేదన్న మాట ఆ మెయిల్ తర్వాతే మొదలైందా, అంతకుముందు అప్రైజల్లో మంచి మార్కులు వేశారా అన్నది తేదీలే చెబుతాయి.

మాదాపూర్ అమ్మాయి కూడా అదే చేసింది. మర్నాడు సంతకం పెట్టకుండా, "నేను రాజీనామా చేయడం లేదు, నిన్న మీరిచ్చిన కాగితం జత చేస్తున్నాను" అని మెయిల్ పెట్టింది. తప్పు ఇంటిపేరుతో సహా ఆ కాగితం అందరి కళ్లముందుకూ వచ్చింది. నాలుగు నోటీసులు అటూ ఇటూ తిరిగాక కంపెనీ 26 వారాల డబ్బూ కట్టింది. సెలవయ్యాక మాత్రం ఆమె ఆ ఆఫీసుకు తిరిగి వెళ్లలేదు. వెళ్లు అని నేనూ చెప్పలేకపోయాను.

లాయర్ ఫీజు అని జంకేవాళ్లకు ఒక మాట. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తుంది. ప్రతి జిల్లా కోర్టు ఆవరణలో ఆఫీసు ఉంటుంది, ఫోన్ నంబరు 15100. కార్మిక శాఖ అధికారికి ఫిర్యాదు తెల్లకాగితం మీద తెలుగులో రాసిచ్చినా చాలు. రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద తేదీతో స్టాంపు వేయించుకోండి.

సెలవు తీసుకుంటాను, నమస్కారం.