‘ఒహలా’ అన్న తర్వాత క్రియ ఏమవుతుంది?

అందరికీ నమస్కారం. స్పానిష్ నేర్చుకునేవాళ్లకు మొదటి వారంలోనే చెవిన పడి, ఏడాది గడిచినా సరిగ్గా నోట పలకని మాట ఒకటుంది: ‘ఒహలా’. ఏదైనా జరగాలని కోరుకునేటప్పుడు అనే మాట ఇది. పలికేటప్పుడు చివరి ‘లా’ మీద ఒత్తు పెట్టాలి. మధ్యనున్న ‘హ’ స్పెయిన్‌లో చాలాచోట్ల గొంతులోంచి గరగరమంటూ వస్తుంది. కరీబియన్ దీవుల్లో మెత్తగా జారిపోతుంది.

ఇది అరబ్బీ నుంచి వచ్చిన మాట. 711 నుంచి 1492లో గ్రనాడా రాజ్యం లొంగిపోయేదాకా ఐబీరియాలో, అంటే నేటి స్పెయిన్, పోర్చుగల్ ఉన్న ద్వీపకల్పంలో, ఏదో ఒక భాగం ముస్లిం పాలనలో ఉంది. పంచదారకు ‘అసూకర్’, నూనెకు ‘అసేయితే’ అప్పుడొచ్చినవే. ‘ఒహలా’ను ‘ఇన్షా అల్లా’ అనే చాలామంది చెబుతారు గానీ, స్పానిష్ రాజ అకాడమీ నిఘంటువు దీని మూలం ‘లౌ షా ల్లాహ్’ అంటుంది. అంటే దేవుడు తలిస్తే అని. ఇప్పుడు నాస్తికులు కూడా ఏ జంకూ లేకుండా వాడతారు.

అసలు చిక్కు దీని వెనక వచ్చే క్రియతోనే. ‘వాన పడుతోంది’ అనడానికి ‘యువేవే’ అంటారు. ‘ఒహలా’ చేరగానే అది ‘యువేవా’ అయిపోతుంది. ‘ఒహలా యువేవా మన్యానా’ అంటే రేపు వాన పడాలి అని. మబ్బులున్నాయి, ఆశ ఉంది. ‘ఒహలా యోవియేరా’ అంటే వాన పడితే బాగుండు, పడే సూచనలు మాత్రం లేవు. ‘ఒహలా ఉబియేరా యోవీదో’ అంటే పడి ఉంటే ఎంత బాగుండేది! అక్కడికి పైరు ఎండిపోయిందన్నమాట. పడాలి, పడితే బాగుండు, పడి ఉంటే బాగుండేది: ఈ మూడు మెట్లూ మన నోట రోజూ ఆడేవే. కోరికను తెలిపే ఈ క్రియారూపాలను వ్యాకరణ పుస్తకాలు సబ్జంక్టివ్ అని భయపెడతాయి గానీ, తెలుగువాడు అంతగా బెదరనక్కరలేదని నా అభిప్రాయం.

‘ఒహలా’ మాత్రం ఎవరు కోరుకున్నా మారదు. నేనన్నా, మీరన్నా, ఊరంతా అన్నా అదే రూపం. కొందరు వెనక ‘కే’ తగిలిస్తారు, అదీ ఒప్పే. ఒంటరిగానూ నిలుస్తుంది: ‘ఉద్యోగం వస్తుందా?’ అంటే ‘ఒహలా!’ అనేస్తే చాలు.

ఒక్క జాగ్రత్త. శనివారం భోజనానికి పిలిస్తే అవతలివారు ‘ఒహలా ప్వేదా’ అన్నారనుకోండి. రావడం కుదరాలని ఆశ అని అర్థం, వస్తానని కాదు. విస్తరి వేసే ముందు ఇంకోసారి అడగండి.