మంచుకు రంగు వెయ్యలేదు

అందరికీ నమస్కారం. తెర మీద ఉన్నది జపాన్ చిత్రకారుడు ఉటగావా హిరోషిగే చెక్క అచ్చు బొమ్మ. 1857 నాటిది. ఎడో నగరపు నూరు ప్రసిద్ధ దృశ్యాలు అనే వరుసలోది. ఎడో అంటే ఇప్పటి టోక్యో. నూరు అన్నది పేరుకే, బొమ్మలు అంతకంటే ఎక్కువే ఉన్నాయి.

చోటు మెగురో నది. దాని మీద విల్లులా వంగిన రాతి వంతెన. ఎడోలో వంతెనలు దాదాపు అన్నీ చెక్కవే, అందుకే దీనికి అంత పేరు. గొడుగులూ గడ్డి టోపీలూ పెట్టుకుని కొందరు దాటుతున్నారు. ఒక్కరి మొహమూ మనకు సరిగా కనిపించదు. హిరోషిగే మనుషుల్ని అలా వదిలేస్తాడు, చలి మాత్రం వదలడు.

ఇక మంచు. గట్ల మీద, వంతెన మీద కనిపించే తెలుపంతా ఉత్త కాగితమే. మంచు ఉండాల్సిన చోట రంగు తగలకుండా చూసుకున్నారంతే.

పెడన కలంకారీ అద్దకం చూసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. అక్కడా రంగుకో అచ్చు. కాకపోతే పెడనలో అచ్చును తెచ్చి గుడ్డ మీద అద్దుతారు. జపాన్‌లో రంగు పూసిన చెక్క మీద కాగితం పరిచి, వెదురు పొర చుట్టిన బిళ్లతో వెనకనుంచి రుద్దుతారు. కాగితం ప్రతిసారీ అదే చోట కూర్చోవడానికి చెక్క మూలన ఒక గుర్తు, అంచున ఇంకో గుర్తు చెక్కి ఉంచుతారు.

ఇప్పుడు ఆ ఒక్క మంచు రేకును చూడండి, నది నీలం మీద పడుతున్నదాన్ని. అక్కడ చెక్కలో చిన్న గుంట తవ్వాలి. ఆ చోట రెండు రంగులు పడేట్టుంటే రెండు చెక్కల్లోనూ తవ్వాలి, సరిగ్గా అదే చోట. కాగితం వెంట్రుకవాసి జరిగితే చాలు, రేకు సగం రంగులో మునిగిపోతుంది. అలాంటివి బొమ్మ నిండా ఉన్నాయి. చెక్కేవాడికి ఎంత టెన్షనో ఆలోచించండి! బొమ్మ మీద హిరోషిగే పేరుంది, దాన్ని అచ్చు వేయించి అమ్మిన ఉవోయా ఎయికిచి పేరు చరిత్రలో ఉంది. ఈ గుంటలు తవ్వినవాడి గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. నా దృష్టిలో ఈ బొమ్మలో సగం అతనిదే.

నీలం మాత్రం యూరప్ సరుకు. జర్మనీలో పుట్టిన ప్రష్యన్ బ్లూ, 1830 ప్రాంతం నుంచి జపాన్ అచ్చు బొమ్మల్లో విరివిగా వాడారు. ముదురు నుంచి లేతకు అది కరిగిపోయే తీరు అచ్చు వేసేవాడి చేతి పని. చెక్క మీద రంగును తడిగా తుడుస్తూ పలచన చేస్తాడు. అందుకే ఒకే బొమ్మ ప్రతులు రెండు పక్కపక్కన పెడితే ఆకాశం ఒకలా ఉండదు.

తర్వాతి స్లైడ్ వేయండి. ఇదీ ఆ వరుసలోదే, ఒహాషి వంతెన మీద హఠాత్తుగా కురిసిన వాన. 1887లో డచ్ చిత్రకారుడు వాన్ గో నూనె రంగుల్లో నకలు తీసింది దీన్నే. ఇక్కడ పని తలకిందులు. వాన గీతలు నల్లవి కాబట్టి గీతను వదిలి చుట్టూ చెక్కంతా తవ్వేయాలి. ఆ సన్నటి గీతలు విరక్కుండా ఎలా నిలిచాయో దగ్గరికొచ్చి చూడండి.