కౌంటరు వెనక మనిషికి ఏ అధికారం ఇచ్చారు?

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ముందు వరుసలో కూర్చున్న విమానయాన సంస్థల అధికారులకు, కుర్చీలు చాలక గోడ వెంబడి నిలబడ్డ విద్యార్థులకు నమస్కారం. నన్ను పరిచయం చేసిన ప్రొఫెసర్ గారు చాలా మంచి మాటలు చెప్పారు. వాటిలో సగం ఆయన సౌజన్యం. మిగతా సగం నాతో పనిచేసిన లోడర్లకు చెందాలి. వాళ్లను ఏ సదస్సుకూ ఎవరూ పిలవరు కాబట్టి వాళ్ల తరఫున నేను తీసుకుంటున్నాను.

నాకిచ్చిన అంశం: నష్టాల్లో ఉన్న జాతీయ విమానయాన సంస్థ ప్రయాణికుల మన్నన తిరిగి పొందడం ఎలా? నేను నిర్వహణ శాస్త్రం చదువుకోలేదు. ఒక జాతీయ విమానయాన సంస్థలో చెక్-ఇన్ కౌంటర్లో చేరి, సామాను దొరకనివాళ్లు వచ్చే కౌంటర్లో పదవీ విరమణ చేశాను. ఆ సంస్థ పేరు చెప్పను. చెబితే మీరు దాన్నొక్కదాన్నే తిట్టుకుంటూ ఇంటికి వెళతారు, మిగతావి తప్పించుకుంటాయి.

కొత్తగా పగ్గాలు చేపట్టిన ప్రతి అధిపతీ మొదట చేసే పని విమానం తోక మీద రంగు మార్చడం. తరువాత యూనిఫాం, ఆ తరువాత నినాదం. నా ఉద్యోగ కాలంలో ఇవన్నీ మారాయి, కొన్ని రెండుసార్లు మారాయి. నా బల్ల మీది ఫోను మాత్రం మారలేదు. దాని నుంచి బయటికి కాల్ వెళ్లేది కాదు. సామాను దొరికిందని ప్రయాణికుడికి చెప్పడానికి నా సొంత ఫోను వాడుకునేదాన్ని. రంగులకు కోట్లు ఖర్చుపెట్టిన సంస్థకు ఆ ఫోను సంగతి తెలియదు. తెలిసినవాళ్ల మాట పైకి వెళ్లదు.

సేవ ఒక్కటే బాగుంటే సంస్థ బతికిపోతుందని మాత్రం నేను చెప్పను. స్విస్‌ఎయిర్‌ను చూడండి. మర్యాదకు, శుభ్రతకు, వేళ తప్పని ప్రయాణానికి ప్రపంచమంతా దాన్ని ఉదాహరణగా చెప్పుకునేది. ఇతర విమాన సంస్థల్లో వాటాలు కొనుక్కుంటూ పోయి అప్పుల్లో కూరుకుంది. 2001 అక్టోబర్ 2న చేతిలో నగదు లేక దాని విమానాలు నేల మీదే ఆగిపోయాయి. హంగరీ జాతీయ సంస్థ మాలేవ్ 2012లో మూతబడింది. ఇటలీ వారి అలిటాలియా ఎన్నిసార్లు ప్రభుత్వ సాయం పొందినా చివరికి 2021 అక్టోబర్‌లో ఆగిపోయింది. ఖాతాలు గాడి తప్పితే చిరునవ్వు కాపాడదు. కానీ జాతీయ సంస్థకు ఇంకో ఇబ్బంది ఉంది. కష్టం వచ్చిన ప్రతిసారీ అది ప్రజల పన్ను డబ్బు అడుగుతుంది. కౌంటరు దగ్గర అవమానపడి వెళ్లిన మనిషి ఆ రోజున దాని పక్షాన ఎందుకు మాట్లాడాలి?

కోలుకున్నవాళ్లూ ఉన్నారు. జపాన్ ఎయిర్‌లైన్స్ 2010 జనవరిలో దివాలా తీసింది. ఎనభైకి దగ్గరపడిన కజువో ఇనమోరి గారిని ప్రభుత్వం బతిమాలి చైర్మన్‌గా తెచ్చింది. విమానాల వ్యాపారంలో ఆయనకు అనుభవం లేదు, జీతమూ తీసుకోలేదు. సంస్థను చిన్న చిన్న విభాగాలుగా చేసి, తమ పని వల్ల ఎంత వస్తోందో ఎంత పోతోందో కింది ఉద్యోగికి కూడా కనిపించేలా లెక్కలు తెరిచారు. 2012 సెప్టెంబర్‌లో ఆ సంస్థ మళ్లీ స్టాక్ మార్కెట్‌లోకి వచ్చింది. ఈ కథ చెప్పేవాళ్లు ఇక్కడ ఆగి చప్పట్లు ఆశిస్తారు. మధ్యలో సుమారు 16,000 ఉద్యోగాలు పోయాయి. అది కూడా చెప్పి అప్పుడు చప్పట్లు కొట్టించుకోవాలి.

నాకు ఎక్కువ నచ్చేది అంతకంటే పాత కథ. అప్పట్లో డెన్మార్క్, నార్వే, స్వీడన్ కలిసి నడిపిన ఎస్‌ఏఎస్ విమాన సంస్థకు 1981లో యాన్ కార్ల్‌జన్ అధిపతిగా వచ్చారు. అప్పటికి అది నష్టాల్లో ఉంది. ఆయన ఒక లెక్క వేశారు. ప్రయాణికుడు మన ఉద్యోగితో మాట్లాడేది ప్రతిసారీ సగటున 15 సెకన్లు. ఆ 15 సెకన్లలో నిర్ణయం తీసుకునే అధికారం ఎదురుగా ఉన్న ఉద్యోగికి లేకపోతే, పై అంతస్తులో ఎంత గొప్ప అధికారి కూర్చున్నా ప్రయాణికుడికి ఒరిగేది లేదు. అందుకే ఆయన అధికారాన్ని కౌంటరు దగ్గరికి దించారు. మధ్య స్థాయి మేనేజర్లకు కోపం వచ్చింది. రాకుండా ఎలా ఉంటుంది? సంతకాలే వాళ్ల ఆస్తి.

ఈ సంతకాల సంగతి చెప్పడానికే నేను వచ్చాను. ఇచ్చిన అంశం ఒక సాకు. అధ్యక్షులు మన్నించాలి.

ఒక సాయంత్రం ఒక తల్లి నా కౌంటరుకు వచ్చింది. చంకలో నాలుగైదేళ్ల పిల్లాడు. ఆ పిల్లాడి కాళ్లకు కట్టే ఊత పరికరాలు చేతిసంచిలో పెట్టుకుని విమానం ఎక్కబోయింది. పైన అరల్లో చోటు లేదని గేటు దగ్గర ఆ సంచి తీసుకుని, ట్యాగ్ కట్టి, విమానం కడుపులో వేశారు. లోపల ఏముందని ఎవరూ అడగలేదు. ఆమె చెప్పబోతే వెనక వరుస తోసింది. దిగాక బెల్టు మీదికి అన్నీ వచ్చాయి, అది రాలేదు.

కంప్యూటర్‌లో చూశాను. సంచి మా విమానాశ్రయంలోనే ఉంది. ఏదో పాత ప్రయాణంలో అంటించిన చిన్న స్టిక్కర్ దాని మీద మిగిలిపోయింది. యంత్రం దాన్ని చదివి, ఇంకో ఊరికి వెళ్లే సామాన్ల వైపు పంపింది. ట్రాన్స్‌ఫర్ విభాగంలో స్కాన్ అయినట్టు తెర మీద కనిపిస్తోంది. నా బల్ల నుంచి నడిస్తే అయిదు నిమిషాల దూరం. మధ్యలో ఒక తలుపు. నా పాసుతో ఆ తలుపు తెరుచుకోదు.

ఫోను చేశాను. అక్కడ పనిచేసేది మా వాళ్లు కాదు, కాంట్రాక్టు కంపెనీ మనుషులు. సూపర్‌వైజర్ మంచివాడే. "అమ్మా, సంచి నా కళ్ల ముందే ఉంది. మీ డ్యూటీ మేనేజర్ నుంచి మెయిల్ వస్తేనే నేను దాన్ని పక్కకు తీయగలను. లేకపోతే నా ఉద్యోగం పోతుంది" అన్నాడు. డ్యూటీ మేనేజర్‌కు చేశాను, ఎత్తలేదు. మళ్లీ చేశాను, ఎత్తలేదు. ఎవరో ప్రముఖుణ్ని సాగనంపడానికి ఆయన విమానం మెట్ల దగ్గర నిలబడి ఉన్నారని తరువాత తెలిసింది.

ఆ సంచి ఇంకో విమానం ఎక్కడం నేను తెర మీద చూశాను. ఆ తల్లి కూడా చూసింది, తెర ఆమె వైపు తిప్పి ఉంచాను కాబట్టి.

నా అధికారంలో ఉన్నది ఒక్కటే. సామాను రాని ప్రయాణికుడికి రాత్రి అవసరాలకు ఇచ్చే చిన్న సంచి. అందులో పళ్లు తోముకునే బ్రష్, దువ్వెన, గడ్డం గీసుకునే రేజర్, పెద్ద సైజు బనియన్ ఉంటాయి. ఆమె ఆ రేజర్ చేతిలోకి తీసుకుని చూసింది. అరవలేదు. "మీకు కనిపిస్తూనే ఉంది కదండీ, అయినా తెప్పించలేకపోయారా?" అని మాత్రం అడిగింది.

సంచి కొన్ని రోజులకు తిరిగి వచ్చింది. వచ్చిన మరునాడు నాకు మెమో వచ్చింది. కాంట్రాక్టు సిబ్బందితో నేరుగా మాట్లాడి, స్థాయిని అతిక్రమించినందుకు సంజాయిషీ ఇవ్వాలట. ఇచ్చాను. ఆ తల్లికి సంస్థ నుంచి ఒక ఉత్తరం వెళ్లింది. "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము." కింద సంతకం లేదు, శాఖ పేరు ఉంది. చూశారా, ఎంత విడ్డూరమో! పని జరగడానికి సంతకం కావాలి, క్షమాపణకు మాత్రం అక్కరలేదు.

అధ్యక్షులు చీటీ పంపారు, అయిదు నిమిషాలట. సరే, పరిష్కారాలు గబగబా చెబుతాను.

విద్యార్థులారా, ముందు మీ చేతిసంచుల మీది పాత స్టిక్కర్లు పీకేయండి. నవ్వకండి. సామాను దారి తప్పడానికి ఉన్న కారణాల్లో అదీ ఒకటి, దానికి ఖర్చు లేదు. చెక్-ఇన్ దగ్గర పాత స్టిక్కర్లు పీకే పని ఉద్యోగికి అప్పగించండి. గేటు దగ్గర సంచి తీసుకునేటప్పుడు "లోపల మందులు, పరికరాలు ఏమైనా ఉన్నాయా?" అని అడిగించండి. ఒక్క ప్రశ్న చాలు.

రెండో సంగతి. విమానయాన సంస్థల అంతర్జాతీయ సంఘం అయాటా తీర్మానం 753 ప్రకారం 2018 జూన్ నుంచి సామాన్లను నాలుగు చోట్ల నమోదు చేయాలి. ప్రయాణికుడి చేతి నుంచి తీసుకున్నప్పుడు, విమానంలోకి ఎక్కించినప్పుడు, ట్రాన్స్‌ఫర్ విభాగానికి చేరినప్పుడు, తిరిగి ప్రయాణికుడికి అప్పగించినప్పుడు. అంటే సామాను ఎక్కడుందో చాలా సందర్భాల్లో సంస్థకు తెలుసు. తెలిసిన విషయాన్ని ప్రయాణికుడి ఫోనుకు పంపడానికి అభ్యంతరం ఏమిటి? పంపితే ప్రశ్నలు వస్తాయి, ప్రశ్నలకు జవాబు చెప్పే మనిషి కావాలి. అక్కడే వెనక్కి తగ్గుతారు.

ఇది కూడా రాసుకోండి, ఎవరూ చెప్పరు. అంతర్జాతీయ ప్రయాణాలకు 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం ఉంది. సామాను దెబ్బతింటే అందిన 7 రోజుల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ఆలస్యంగా అందితే, అందిన 21 రోజుల్లోగా చేయాలి. రావలసిన రోజు నుంచి 21 రోజులు దాటినా రాకపోతే పోయినట్టే లెక్కగట్టి పరిహారం అడగవచ్చు. ఈ ముక్క టికెట్ వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. నా కౌంటరు మీద పెద్ద అక్షరాలతో అట్ట మీద రాసి పెట్టాను. తీయించేశారు.

ఆలస్యాల గురించి కూడా ఒక మాట చెప్పి వదిలేస్తాను. విమానం ఆలస్యమైతే జనం ఓర్చుకుంటారు. "నిర్వహణ కారణాల వల్ల" అన్న ప్రకటనను ఓర్చుకోరు. పైలట్ల పని గంటల పరిమితి దాటింది, కొత్త బృందం రావాలి, రెండు గంటలు పడుతుంది అని చెప్పండి. అది సిగ్గుపడే విషయం కాదు, అలసిన పైలట్‌తో ఎగరనివ్వకపోవడం భద్రతా నియమం. ఆ నిజం చెప్పే అనుమతి గేటు దగ్గరి అమ్మాయికి ఉండదు. ఆమెకు నిజం తెలిసినా ఉండదు.

డబ్బు విషయం. ఐరోపా సమాఖ్యలో 2004 నాటి నిబంధన ఉంది. సంస్థ బాధ్యత వహించవలసిన రద్దులకు దూరాన్ని బట్టి 250 నుంచి 600 యూరోల వరకు పరిహారం ఇవ్వాలి. మూడు గంటలు, అంతకు మించిన ఆలస్యానికీ అది వర్తిస్తుందని 2009లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం చెప్పింది. అయినా అడిగేదాకా ఇవ్వని సంస్థలు ఎన్నో. అందుకే ప్రయాణికుడికి రావలసిన డబ్బులో వాటా తీసుకుని ఇప్పించే కంపెనీలు పుట్టుకొచ్చాయి. కష్టాల్లో ఉన్న సంస్థకు నేను చెప్పేది ఇదే: బాకీని అడగకముందే ఇచ్చేయండి. ఎలాగూ ఇవ్వాల్సిందే. తిట్లు తిని ఇచ్చే బదులు మంచి పేరుతో ఇవ్వండి.

డబ్బు లేదంటారా? అమెరికాలో కాంటినెంటల్ సంస్థ సమయపాలనలో అట్టడుగున ఉండేది. 1995లో గోర్డన్ బెథ్యూన్ గారు, సమయపాలనలో మొదటి అయిదు స్థానాల్లో నిలిచిన ప్రతి నెలా ఒక్కో ఉద్యోగికి 65 డాలర్లు ఇస్తామన్నారు. మేనేజర్లకే కాదు, అందరికీ. విమానాలు వేళకు బయలుదేరడం మొదలైంది. లోడర్‌కు ఎప్పుడు తొందరపడాలో తెలియక కాదు, తొందరపడితే తనకేం వస్తుందో అంతవరకు ఎవరూ చెప్పలేదు. ఇప్పుడైతే ఆ లోడర్ కాంట్రాక్టు కంపెనీ మనిషి. మీ బోనస్ అతనికి చేరదు, మీ శిక్షణ తరగతి అతనికి ఉండదు. ప్రయాణికుడి సామాను మాత్రం అతని చేతిలోనే ఉంటుంది.

భారతదేశంలో ఎయిర్ ఇండియా జాతీయం అయిన 1953 నుంచి 1978 వరకు చైర్మన్‌గా ఉన్న జేఆర్‌డీ టాటా గారు ప్రయాణించిన ప్రతిసారీ లోపాలు రాసుకుని సిబ్బందికి పంపేవారు. అది 2022 జనవరిలో తిరిగి టాటాల చేతికి వచ్చింది. మరుసటి ఏడాది 470 విమానాల కొనుగోలు ప్రకటించారు. మంచిదే. కానీ విమానాలు రావడానికి ఏళ్లు పడుతుంది. కౌంటరుకు అధికారం ఇవ్వడానికి ఒక ఉత్తర్వు చాలు.

చీటీ మళ్లీ వచ్చింది. ఆపుతున్నాను.

సభికులు నన్ను ప్రశ్నలు అడగవచ్చని కార్యక్రమ పత్రంలో ఉంది. దాన్ని కాస్త మార్చమని అధ్యక్షులను కోరుతున్నాను. ముందు వరుసలోని అధికారులను నేనే ఒక ప్రశ్న అడుగుతాను. ఈ రాత్రి మీ సంస్థ కౌంటర్లో ఉన్న ఉద్యోగి ఎవరినీ అడగకుండా, తన సొంత సంతకంతో, ప్రయాణికుడి కోసం ఎంత ఖర్చు చేయవచ్చు? ఏ తలుపు తెరవవచ్చు? ఎవరికి ఫోను చేయవచ్చు? విధానాల గురించి వద్దు. ఒక అంకె, ఒక తలుపు, ఒక ఫోను నంబరు చెప్పండి. తెలియకపోతే ఇప్పుడే మీ విమానాశ్రయానికి ఫోను చేసి కనుక్కోండి, మేం ఆగుతాం. ఎడమ పక్కన కూర్చున్నవారితో మొదలుపెడదాం. మైకు అటు ఇవ్వండి.