ఎనిమిది పాళ్ల ఆకాశం

అందరికీ నమస్కారం. వేదిక మీద ఉన్న పెద్దలకు, ఏడాదిపాటు మేడలూ గుట్టలూ ఎక్కి ఈ ప్రదర్శనలోని మబ్బుల బొమ్మలు వేసిన పిల్లలకు, వాళ్ల పక్కన నిలబడి సైన్స్ చెప్పిన టీచర్లకు చేతులెత్తి మొక్కుతున్నాను.

"మబ్బులు, కళ" అనే అంశం మీద మాట్లాడమన్నారు. నాలుగు పేజీలు రాసుకొచ్చాను. కానీ ఇందాక లోపల ఒక చుట్టు తిరుగుతూ రెండో గదిలో ఒక చిన్న నీటిరంగుల చిత్రం ముందు ఆగిపోయాను. దాని కింద పెన్సిల్‌తో ఇలా ఉంది: "ఉదయం 8.30, మౌలాలి గుట్ట, గాలి నైరుతి నుంచి, ఎనిమిదిలో ఐదు." అది చదివాక నాలుగు పేజీలూ సంచిలో పెట్టేశాను.

ఎనిమిదిలో ఐదు అంటే ఏమిటో చెబుతాను. వాతావరణ పరిశీలకులు ఆకాశాన్ని మనసులోనే ఎనిమిది పాళ్లు చేసి, అందులో ఎన్ని పాళ్లను మబ్బు కప్పిందో రాస్తారు. మబ్బే లేకపోతే సున్నా. పూర్తిగా మూసుకుపోతే ఎనిమిది. పొగమంచు పట్టి ఆకాశమే కనిపించకపోతే తొమ్మిది. ముప్పై ఏళ్లు నేను చేసిన పని ఇదే. పొద్దున ఎనిమిదిన్నర, సాయంత్రం ఐదున్నర ముఖ్యమైన వేళలు. రాత్రి డ్యూటీలో లైట్లకు దూరంగా వెళ్లి, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఆగాలి. ఎక్కడ చుక్కలు కనిపించవో అక్కడ మబ్బు ఉందన్నమాట.

ఆ అంకెలు చాలవని నాకు మొదటి ఏడాదే అనిపించింది. "మధ్య ఎత్తు మబ్బు, మూడు పాళ్లు" అని రాస్తాం. అది దున్నిన చేనులా చాళ్లు తీరి ఉందా, సూర్యుడి పక్కన అంచులు ముత్యపు చిప్పలా రంగులు తిరిగాయా, అవన్నీ ఎక్కడ రాయాలి? అందుకే రిజిస్టర్ మార్జిన్‌లో బొటనవేలంత బొమ్మ వేసేదాన్ని. ఒకరోజు పై అధికారి చూశారు. "ఇది ప్రభుత్వ రిజిస్టరా, మీ డ్రాయింగ్ పుస్తకమా?" అని అందరి ముందూ అడిగి, మెమో ఇచ్చారు. నేను మాట్లాడలేదు. ఆ నెల జీతంలో సొంతంగా నోటుపుస్తకాలు కొనుక్కున్నాను. రోజూ డ్యూటీ అయ్యాక పది నిమిషాలు. అలా పదకొండు పుస్తకాలు నిండాయి. ఆఫీసు వేరే బిల్డింగ్‌కి మారినప్పుడు నేను సెలవులో ఉన్నాను. వచ్చేసరికి బీరువా ఖాళీ. పదకొండూ చిత్తుకాగితాలతో కలిసి తూకానికి పోయాయి. ఇరవై ఏళ్లయింది. ఇప్పటికీ చెబుతుంటే గొంతు పట్టేస్తుంది, క్షమించండి.

అసలు మబ్బులకు పేర్లు పెట్టిందే బొమ్మలు వేసుకున్న మనిషి. పేరు ల్యూక్ హోవర్డ్. లండన్‌లో మందులు తయారు చేసే వ్యాపారి. 1802లో ఒక చిన్న సభలో, సరిగ్గా ఇలాంటి సభలోనే, వెంట్రుకల పాయలా ఉండేదాన్ని సిర్రస్ అన్నాడు, కుప్పలా ఉండేదాన్ని క్యుములస్ అన్నాడు, పొరలా పరుచుకునేదాన్ని స్ట్రాటస్ అన్నాడు. నేను ముప్పై ఏళ్లు రిజిస్టర్లో రాసినవి ఆ పేర్లే. 1821, 22లలో జాన్ కానిస్టేబుల్ అనే చిత్రకారుడు హాంప్‌స్టెడ్‌లో ఆరుబయట కూర్చుని వరసగా ఆకాశాన్నే చిత్రించాడు. చిత్రాల వెనక తేదీ, గంట, గాలి దిక్కు రాసి పెట్టాడు. మన మౌలాలి గుట్ట చిత్రం కింద ఉన్నట్టే!

పాలమూరు పక్క పల్లెలో మా నాయనమ్మ ఉండేది. ఆమెకు చదువు రాదు. చంద్రుడి చుట్టూ వరదగుడి, అంటే వెలుగు వలయం, కడితే వాకిట్లో నిలబడి చూసేది. "దూరం గుడి, దగ్గర వాన" అని ఎండబెట్టిన మిరపకాయలు ఎత్తించేది. చెయ్యి చాచి, జానెడు కొలిచి చూడండి. పెద్ద గుడి అంచు చంద్రుడి నుంచి దాదాపు అంత దూరంలో ఉంటుంది, లెక్కలో 22 డిగ్రీలు. అది ఎత్తున ఉన్న పల్చటి మబ్బులో మంచు పలుకులు వంచిన వెలుగు. చంద్రుణ్ణి ఆనుకుని ఉండే చిన్న గుడి అయితే సన్నటి నీటిబిందువుల పని. రెండూ వేరు మబ్బులు. గుడి కట్టిన ప్రతిసారీ వాన వస్తుందని నేను చెప్పను. కానీ ఏ పరికరమూ లేకుండా ఆ రెండు మబ్బుల్నీ ఆమె కన్ను వేరు చేసింది.

ఒక్క నిమిషం. లోపలికి వచ్చేటప్పుడు ఆకాశం ఎలా ఉందో చెప్పగలిగేవాళ్లు చేతులెత్తండి. ముగ్గురు. ముగ్గురూ పిల్లలే. అమ్మా, అయ్యా, మనమంతా వాన ఉందో లేదో ఫోన్లో చూసి బయల్దేరాం. ఫోన్ వద్దని నేను అనను. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేల ప్రాణాలు తీసుకున్న ఊరు మన హైదరాబాద్. ఆ దెబ్బకే గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాలు కట్టారు. రాడార్ కావాలి, ఉపగ్రహమూ కావాలి. కానీ ఉపగ్రహానికి ముందు కనిపించేది మబ్బు నెత్తి. దాని అడుగు ఎంత నల్లబడిందో కింద నిలబడ్డ మనకు కనిపిస్తుంది.

మూడో గదిలో గాజు సీసాను చూడకుండా వెళ్లకండి. అడుగున వేడినీళ్లు, మూత మీద ఐసు. అగ్గిపుల్ల ఆర్పి దాని పొగ లోపలికి వదిలితే మబ్బు చిక్కగా కడుతుంది. ఆవిరి చుక్కగా మారాలంటే పట్టుకోవడానికి ఒక నలుసు కావాలి. పొగ లేకుండా ఒకసారి, పొగతో ఒకసారి చేసి చూడండి.

నిర్వాహకులకు ఒక విన్నపం. ఈ చిత్రాలు దించేటప్పుడు ఆ పెన్సిల్ రాతలు చెరపకండి, ఫ్రేమ్ కింద దాచకండి. తేదీల వరసలో స్కాన్ చేసి పెట్టండి. ఏ రోజు బొమ్మ పక్కన ఆ రోజు బేగంపేట వాతావరణ రికార్డు పెట్టి ఎవరైనా చూసుకోగలగాలి. కాపీలు రెండు చోట్ల ఉంచండి. డబ్బు సమస్య అయితే నా పెన్షన్‌లోంచి ఇస్తాను, నిజంగానే చెబుతున్నాను.

ఐదూ ఇరవై అయింది. పైకి మెట్లు ఎడమ చేతి వైపు ఉన్నాయి, వాచ్‌మన్ని అడిగి మేడ తలుపు తీయించాను. మౌలాలి గుట్ట మీద ఆ చిత్రం వేసినవాళ్లు ఎవరో నాకు తెలియదు. ఇక్కడే ఉంటే నాతో రండి. ఐదున్నరకి ఎనిమిదిలో ఎన్నో ఇవాళ మీరు చెప్పాలి, నేను రాసుకుంటాను.