బరువు ఒక్కటే చూస్తే చాలదు

శ్రోతలకు నమస్కారం.

అంగన్‌వాడీ నుంచి వచ్చిన తల్లిని అడిగితే, "బరువు చూశారు, ఫర్లేదన్నారు" అంటుంది. బరువు చూడాల్సిందే. కానీ నెలల తరబడి తిండి చాలని బిడ్డ ఎత్తు పెరగడం ఆగిపోతుంది. ఆ పొట్టి ఒంటికి ఉన్న బరువు సరిపోయినట్టే కనబడుతుంది. అందుకే ఎత్తు కూడా కొలవాలి: రెండేళ్ళ లోపు బిడ్డను పడుకోబెట్టి, ఆ తర్వాత నిలబెట్టి.

"మా ఇంట్లో అందరం పొట్టివాళ్ళమేనండీ" అంటారు కొందరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన ఎదుగుదల ప్రమాణాలు ఆరు దేశాల పిల్లల్ని కొలిచి తయారుచేసినవి. వాళ్ళలో మన ఢిల్లీ పిల్లలూ ఉన్నారు. తల్లిపాలు, మంచి తిండి, సమయానికి వైద్యం అందితే చాలు, ఐదేళ్ళ లోపు పిల్లలు ఎక్కడైనా దాదాపు ఒకేలా ఎదుగుతారని తేలింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, వయసుకు తగ్గ ఎత్తు లేని ఐదేళ్ళ లోపు పిల్లలు తెలంగాణలో 33.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం. ఇంతమంది పిల్లల పొట్టితనాన్ని వంశం మీదకు నెట్టేయడం అన్యాయం.

ఇక జబ్బ కొలత. దీనికి రంగుల టేపు ఒక్కటి చాలు. బిడ్డ ఎడమ చెయ్యి వదులుగా వేలాడనిచ్చి, భుజం ఎముక కొసకూ మోచేతికీ సరిగ్గా మధ్యన టేపు చుట్టాలి. బిగించకూడదు, సందూ ఉండకూడదు. బిగిస్తే బాగున్న బిడ్డ కూడా బక్కగా తేలుతుంది. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు బిడ్డకు 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువొస్తే ఎరుపు, అంటే తీవ్ర పోషకాహార లోపం. 12.5 లోపు పసుపు, ఆపైన ఆకుపచ్చ. ఏడాది దాటాక ఐదేళ్ళ దాకా జబ్బ చుట్టుకొలత పెద్దగా మారదు, అందుకే వయసు సరిగ్గా తెలియని బిడ్డకూ ఇది పనికొస్తుంది. పుట్టిన తేదీ ఎక్కడా రాసుకోని వలస కూలీల పిల్లలకు ఇదెంత మేలో చెప్పక్కర్లేదు.

పాదాలు మాత్రం మరిచిపోవద్దు. రెండు పాదాల మీదా బొటనవేలితో మూడు సెకన్లు నొక్కి వదలండి. రెండు చోట్లా గుంట అలాగే ఉండిపోతే ఒంటికి నీరు పట్టింది. ఆ నీటి బరువే తూకంలో బిడ్డను బాగున్నట్టు చూపిస్తుంది. అప్పుడు ఏ అంకె కోసమూ ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఎరుపులో ఉండి, తిండి సయించని, జ్వరమో విరేచనాలో ఉన్న బిడ్డను పోషకాహార పునరావాస కేంద్రంలో, అంటే తల్లీబిడ్డల్ని కొన్నాళ్ళు ఉంచుకుని తిండీ వైద్యమూ అందించే చోట, చేర్చుకుంటారు. "అన్ని రోజులు అక్కడుంటే కూలి పోతుందమ్మా, ఇంట్లో ఇంకో ఇద్దరున్నారు" అని తల్లులు వెనకాడతారు. ఆ బాధ నిజమైనదే. కేంద్రంలో తల్లికి భోజనం పెడతారు, పోయిన కూలికి కొంత పరిహారం ఇచ్చే ఏర్పాటూ ఉంది. ఆ సంగతి చేర్చేటప్పుడే అడగండి. ఈ నెల అంగన్‌వాడీకి వెళ్ళినప్పుడు బరువు, ఎత్తు, జబ్బ కొలత మూడూ తీయించి, బిడ్డ కార్డు మీద రాయించుకోండి.